ఆడవాళ్ల క్యాన్సర్లు, చికిత్స, తోడ్పాటు సేవలు: అందరూ అడిగేవి, మొహమాటంతో అడగనివి

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అయ్యాయి, ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను, వారానికి రెండు పూటలు కొత్తగా ఈ దారిలోకి వచ్చిన ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడతాను. వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలే ఇవి. కొన్ని గట్టిగా అడుగుతారు, కొన్ని పక్కనున్నవాళ్లు బయటికి వెళ్లాక గొంతు తగ్గించి అడుగుతారు. మందు, డోసు లాంటివి మీ డాక్టరుతోనే తేల్చుకోండి.

రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. ఇప్పటికిప్పుడు ఏం చేయాలి?

ఊపిరి తీసుకోండి. ఎక్కువమందికి ఇది గంటల మీద నడిచే వ్యవహారం కాదు. రెండో అభిప్రాయం తీసుకోవడానికో, విషయం అర్థం చేసుకోవడానికో వారం పది రోజులు పడితే మామూలుగా నష్టం లేదు. నెలల తరబడి నాన్చితే మాత్రం ఉంది. అయితే ఆగకుండా రక్తం పోతున్నా, ఊపిరి ఆడకపోయినా, ఉన్నట్టుండి కాళ్లు బలహీనపడి మూత్రం మీద పట్టు తప్పినా అది ఎమర్జెన్సీయే, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెళ్లిపోవాలి.

ప్రతి రిపోర్టు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. బయాప్సీ (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) స్లైడులు, ఆ ముక్కని దాచిన బ్లాకులు ల్యాబులో భద్రంగా ఉంటాయి, రెండో అభిప్రాయానికి అవి అడిగి తీసుకోవచ్చు. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. 'క్యాన్సర్' అన్న మాట తర్వాత డాక్టరు చెప్పిన ఏ ముక్కా నా చెవికెక్కలేదు, గోడ మీద గడియారం మాత్రం బాగా గుర్తుంది. పక్కన ఇంకొకరుంటే వాళ్లు రాసుకుంటారు.

స్టేజీ, గ్రేడు ఒకటేనా? మా అక్కకి గ్రేడు 3 అన్నారు, అంటే మూడో స్టేజీ కదా?

కాదు. ఈ ఒక్క గందరగోళం వల్ల ఎంతమంది రాత్రుళ్లు నిద్ర మానేశారో చెప్పలేను. గ్రేడు అంటే మైక్రోస్కోపులో ఆ కణాలు మామూలు కణాలకి ఎంత తేడాగా ఉన్నాయి, ఎంత వేగంగా పెరిగే రకం అని. స్టేజీ అంటే అది ఒంట్లో ఎంతవరకు వెళ్లింది అని. గ్రేడు 3 ఉండి ఒకటో స్టేజీలో ఉన్నవాళ్లు బోలెడు మంది.

రొమ్ము క్యాన్సర్ అయితే రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు మాటలుంటాయి. మొదటి రెండూ హార్మోన్లకి సంబంధించినవి, అవి పాజిటివ్ అయితే టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్2 అంటే కణాల్ని వేగంగా పెరిగేలా చేసే ఒక ప్రోటీన్. అది పాజిటివ్ అని చూసి కంగారు పడతారు గానీ, ఒకప్పుడు మొండి రకం అనుకున్న దానికే 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందు ఆమోదం పొంది వచ్చాక కథ మారిపోయింది. మూడూ నెగటివ్ అయితే ట్రిపుల్ నెగటివ్ అంటారు, నూటికి పది పదిహేను మందికి ఇది. ఈ మూడూ తెలియకుండా మీ చికిత్సని పక్కింటావిడ చికిత్సతో పోల్చుకోకండి. ఆవిడ జబ్బు పేరు, మీ జబ్బు పేరు ఒకటే కావచ్చు, జబ్బు మాత్రం వేరు.

ఏం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

రొమ్ములో కొత్తగా గడ్డ, నొప్పి లేకపోయినా సరే. నిజానికి నొప్పి లేదు కదా అనే చాలామంది ఊరుకుంటారు. చనుమొన లోపలికి లాగేసినట్టు ఉండటం, రక్తం కలిసిన ద్రవం రావడం, చర్మం గుంటలు పడటం, చంకలో గడ్డ కూడా చూపించాల్సినవే.

ముట్లాగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనబడినా చూపించుకోవాలి. అలా వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి క్యాన్సర్ ఉండదు, కాబట్టి భయపడక్కర్లేదు. కానీ గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి తొంభై మందికి ముందుగా కనబడేది ఆ రక్తమే, కాబట్టి వదిలేయకూడదు కూడా. కలయిక తర్వాత రక్తం వస్తే గర్భాశయ ముఖద్వారం చూపించుకోవాలి.

అండాశయానిది ఇంకో తీరు. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండిపోయినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం. ఇవన్నీ అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉండేవే, అదే చిక్కు. కొత్తగా మొదలై రెండు మూడు వారాలపాటు దాదాపు రోజూ ఉంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టకుండా పరీక్ష అడగండి.

ఏ బాధా లేకుండానే పరీక్షలు ఎందుకు?

బాధ మొదలయ్యేసరికి ఆలస్యం అవుతుంది కాబట్టి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. ఈ లింకు పట్టుకున్న శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకడానికీ క్యాన్సర్ కావడానికీ మధ్య మామూలుగా పదేళ్లకి పైనే పడుతుంది. అది చాలా పెద్ద సందు. ఆ సందులో పట్టుకుంటే క్యాన్సర్ కాకముందే తీసేయొచ్చు. 30 ఏళ్లు దాటాక 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బల్ల మీద పడుకుని చూపించుకోవడానికి సిగ్గుపడేవాళ్లు, ఈ శాంపిల్ మనమే బాత్రూంలో పుల్లతో తీసి ఇచ్చే పద్ధతి ఉందా అని అడగండి. టీకా అయితే 2006 నుంచి ఉంది, 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి వేయిస్తే బాగా పనిచేస్తుంది. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

రొమ్ముకి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే. ఎన్నో ఏట మొదలుపెట్టాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది, 50 నుంచి 69 మధ్య రెండేళ్లకోసారి అనే దానికి ఎక్కువ ఒప్పుదల ఉంది. అండాశయానికి మాత్రం మామూలు రిస్కు ఉన్నవాళ్లకి పనికొచ్చే స్క్రీనింగ్ లేదు. బ్రిటన్‌లో రెండు లక్షల మంది ఆడవాళ్ల మీద జరిగిన పెద్ద పరిశోధన 2021లో తేల్చింది ఇదే: రక్త పరీక్షలు, స్కాన్లు చేసినా మరణాలు తగ్గలేదు. కాబట్టి హెల్త్ ప్యాకేజీలో సీఏ 125 అనే రక్త పరీక్ష చూసి మురిసిపోకండి.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందంటారు, బయాప్సీ చేయించుకోవచ్చా?

చేయించుకోవాలి, పాకుతుందన్న భయంతో మానొద్దు. ఏ రకమో తెలియకుండా మందివ్వడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. అండాశయంలో గడ్డ ఉన్నప్పుడు మాత్రం కొన్నిసార్లు సూదితో గుచ్చకుండా, పగలకుండా, ఏకంగా తీసి పరీక్షకి పంపుతారు. అది డాక్టర్లు చూసుకునే విషయం.

రొమ్ము మొత్తం తీసేయాల్సిందేనా?

చాలామందికి అక్కర్లేదు. ఒకప్పుడు రొమ్ముతో పాటు కింద కండరాలు కూడా తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదన్న నమ్మకం దశాబ్దాలపాటు నడిచింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరోనేసీ అనే సర్జన్లు దాన్ని పరీక్షకి పెట్టారు. ఇరవయ్యేళ్లు వెంటబడి చూసిన ఫలితాలు 2002లో వచ్చాయి. గడ్డ మటుకు తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, మొత్తం తీయించుకున్నవాళ్లూ ఒకేలా బతికారు. రేడియేషన్ మానేస్తే మాత్రం అదే రొమ్ములో మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది, కాబట్టి అది ఆ ప్యాకేజీలో భాగమే.

గడ్డలు ఒకటికన్నా ఎక్కువచోట్ల దూరదూరంగా ఉన్నా, రొమ్ము సైజుతో పోలిస్తే గడ్డ బాగా పెద్దదైనా, రేడియేషన్ తీసుకోలేని పరిస్థితి ఉన్నా మొత్తం తీయమంటారు. అప్పుడు కొత్త రొమ్ము కట్టే ఆపరేషన్ అదేరోజు చేయించుకోవచ్చు, తర్వాతైనా చేయించుకోవచ్చు, అసలు మానేయొచ్చు. మానేసినవాళ్లని 'నీకు బాధగా లేదా' అని అడిగేవాళ్లుంటారు. నేను మానేశాను. బాధగా లేదు. సిలికాన్ ప్యాడ్ ఒకటి ఉంది, బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటాను, ఇంటికి రాగానే చెప్పులతో పాటు దాన్నీ విప్పేస్తాను. ఆ ప్యాడ్ బరువు సరిగ్గా ఉండాలి, లేకపోతే ఒక భుజం కిందికి దిగిపోయి మెడ నొప్పి వస్తుంది. కుట్లు మానేదాకా మెత్తటి గుడ్డ ప్యాడ్ వాడి, ఆరు వారాలయ్యాక కొలత తీయించుకోవాలి. దీనికి ప్రత్యేకంగా కొలత తీసేవాళ్లుంటారు, నర్సుని అడిగితే చెబుతారు.

అసలు ఈ 'తోడ్పాటు సేవలు' అంటే ఏమిటి? ఎవరిని అడగాలి?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. నాకు ఆపరేషన్ అయిన ఆసుపత్రిలోనే రెండో అంతస్తులో లింఫెడిమా క్లినిక్, అంటే చెయ్యి వాపు చూసే క్లినిక్ ఉందని నాకు ఐదో నెలలో తెలిసింది. అదీ ఎవరో చెప్పి కాదు, లిఫ్టు పాడై మెట్లెక్కుతుంటే బోర్డు కనబడి. అప్పటికి నా ఎడమ చేతికి గాజు ఎక్కడం మానేసి నెల దాటింది. ఎవరూ దాచలేదు, ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చెప్పి ఉంటారనుకున్నారు. సర్జన్‌కి గాయం మానిందా లేదా కావాలి, ఆంకాలజిస్టుకి, అంటే క్యాన్సర్ డాక్టరుకి రక్త పరీక్షలు కావాలి, చెయ్యి మధ్యలో ఎవరిదీ కాకుండా పోయింది.

అందుకే చెబుతున్నాను, సేవలు వాటంతటవే రావు, అడగాలి. సోషల్ వర్కర్ ఉంటారు, ఖర్చులు, సెలవులు, ఆసుపత్రికి రాకపోకలు, దూరం నుంచి వచ్చేవాళ్లకి బస వంటివి వాళ్ల పని. క్యాన్సర్ మీద శిక్షణ ఉన్న సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ ఉంటారు. ప్రేగు ఆపరేషన్‌లో మలం పోవడానికి పొట్ట మీద సంచీ పెట్టాల్సి వస్తే దానికోసమే ఉండే నర్సులుంటారు. జన్యు పరీక్షల కౌన్సెలర్ ఉంటారు. కొన్నిచోట్ల మీ కేసు మొదట్నుంచి చివరిదాకా పట్టుకుని నడిపే నర్సు ఒకరుంటారు, ఆవిడ ఫోన్ నంబరు డాక్టరు నంబరుకన్నా విలువైనది, నమ్మండి.

అన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఒక్క ప్రశ్న చాలు: 'రెండు అపాయింట్‌మెంట్ల మధ్య నాకు ఇబ్బందొస్తే పగలు ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రి ఎవరికి చేయాలి?' జవాబు కాగితం మీద రాయించుకోండి. రాయలేకపోయారంటే అక్కడ ఆ ఏర్పాటు లేదని అర్థం, అప్పుడు ఇంకెవరినైనా పట్టుకోవాలి.

ఇక మనలాంటివాళ్ల తోడు. 1950ల్లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడ తనకి రొమ్ము తీసేశాక ఎవరూ ఏమీ చెప్పలేదని విసిగి, తనలాంటి పేషెంట్ల మంచాల దగ్గరికి తానే వెళ్లడం మొదలుపెట్టింది. రీచ్ టు రికవరీ అనే తోడ్పాటు కార్యక్రమం అలా పుట్టింది. డాక్టర్లకి మొదట్లో అది నచ్చలేదు. ఇవాళ చాలా దేశాల్లో అలా వచ్చి మాట్లాడే వాలంటీర్లున్నారు. మీ ఆసుపత్రిలో ఉన్నారేమో అడగండి.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి ట్యూబులతో పంపుతారట, ఎలా?

భయపడేంత లేదు. గాయంలో ఊరే ద్రవం బయటికి పోవడానికే అవి. చంక కింద నుంచి ఒక సన్నని ట్యూబు వచ్చి చిన్న సీసాలోకో, నొక్కితే పీల్చుకునే బుడ్డీలోకో వెళ్తుంది. రోజూ ఒకే టైముకి మూత తీసి, కొలత గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో రాయాలి, బుడ్డీ నొక్కి గాలి పోగొట్టి మూత పెట్టాలి. మొదట్లో ఎర్రగా, తర్వాత గులాబీ, ఆ తర్వాత ఎండుగడ్డి రంగు. మా ఇంట్లో ఆ పుస్తకం మా అబ్బాయి రాసేవాడు, స్కోరు బోర్డులా. రోజుకి దాదాపు 30 మిల్లీలీటర్లకి తగ్గాక తీసేస్తారు. పడుకునేటప్పుడు బుడ్డీని లోపలి బట్టకి పిన్నీసుతో తగిలించుకోండి, లేకపోతే నిద్రలో లాగేస్తారు. రంగు మళ్లీ ఎర్రగా మారినా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా ఫోన్ చేయండి.

చెయ్యి వాస్తుందంటారు, బరువులెత్తకూడదంటారు. నిజమా?

సగం నిజం. చంకలో గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా చేతిలోని ద్రవం బయటికి పోయే దారి తగ్గి చెయ్యి వాచొచ్చు, ఏళ్ల తర్వాత కూడా. ఇప్పుడు ముందుగా జబ్బు పాకితే మొదట చేరే ఒకటి రెండు గ్రంథులే (వీటిని కాపలా గ్రంథులంటారు) తీసి చూస్తారు, అందులో ఏమీ లేకపోతే మిగతావి ముట్టుకోరు, దాంతో వాపు బాగా తగ్గింది.

బరువుల సంగతికొస్తే, జీవితాంతం ఏమీ ఎత్తొద్దని వెనకటికి చెప్పేవారు. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో, వాపున్న ఆడవాళ్లు శిక్షకుల దగ్గర కొద్దికొద్దిగా బరువులు పెంచుకుంటూ పోతే వాపు పెరగలేదు సరికదా, బాధలు తగ్గాయి. కొద్దికొద్దిగా అన్నది ముఖ్యం, మొదటిరోజే బీరువా జరపమని కాదు. ఉంగరమో వాచీయో బిగుతైనట్టు అనిపించిన రోజే చూపించండి. మొదట్లో పట్టుకుంటే బిగుతు తొడుగు, మసాజు, వ్యాయామంతో అదుపులో ఉంటుంది. ఆ చేతికి గాయం తగిలి ఎర్రబడి వేడెక్కితే అదేరోజు వెళ్లాలి.

కీమోలో జుట్టు ఖాయంగా ఊడుతుందా?

మందుని బట్టి. కొన్ని మందులకి అస్సలు ఊడదు, కొన్నింటికి పలచబడుతుంది, కొన్నింటికి కనుబొమ్మలతో సహా పోతుంది. పోయేదైతే మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో దిండు మీద కనబడుతుంది. మాడుని చల్లబరిచే టోపీ కొన్ని ఆసుపత్రుల్లో ఉంది, మందు ఎక్కడానికి ముందు, ఎక్కేటప్పుడు, ఎక్కాక కూడా పెట్టుకోవాలి, తలనొప్పి వస్తుంది, అందరికీ పనిచేయదు. విగ్గు కావాలనుకుంటే జుట్టు ఉండగానే కొనండి, రంగు కలుస్తుంది. ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయని, దానివల్ల ముక్కు ఎప్పుడూ కారుతూ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు!

జుట్టుకన్నా పెద్ద విషయం జ్వరం. ప్రతి డోసు తర్వాత వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ తాకితే రాత్రి రెండింటికైనా ఆసుపత్రికి వెళ్లాలి. పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది, ఇన్ఫెక్షన్ని కాదు. ఇంట్లో అందరికీ ఈ అంకె తెలిసేలా ఫ్రిజ్ మీద అంటించండి.

వేళ్ల చివర తిమ్మిరి, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం లాంటివి మొదలైతే తర్వాతి డోసుకి ముందే చెప్పండి. ఓర్చుకుంటే మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు, నరాల దెబ్బ కొందరికి ఉండిపోతుంది కూడా. వాంతులకి ఇప్పుడు మంచి మందులున్నాయి, వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాలి.

నాకు ఇంకా పిల్లలు లేరు. అడిగితే 'ముందు ప్రాణం చూసుకో' అంటున్నారు.

అడగండి, గట్టిగా అడగండి, కీమో మొదలవకముందే. అండాలు గానీ పిండాలు గానీ తీసి గడ్డకట్టించి దాచడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, చాలామందికి ఆ టైము ఉంటుంది. అండాశయపు ముక్క దాచే పద్ధతి కూడా ఉంది. కీమో సమయంలో అండాశయాలని నిద్రపుచ్చే ఇంజెక్షన్లు కొందరికి కాస్త రక్షణనిస్తాయి, కానీ దాచుకోవడానికి బదులు కాదు.

హార్మోన్ మాత్రలు వాడుతున్న, పిల్లల్ని కనే వయసులోని ఆడవాళ్లు గర్భం కోసం ఐదేళ్లు ఆగాలా అన్న ప్రశ్నకి 2023లో కొంత జవాబొచ్చింది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్రలు వాడి, డాక్టర్ల పర్యవేక్షణలో గరిష్ఠంగా రెండేళ్లు ఆపి బిడ్డని కన్న వాళ్లలో, దగ్గరి కాలంలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువేమీ కనబడలేదు. దూరపు లెక్క కోసం వాళ్లని ఇంకా చూస్తున్నారు. టామాక్సిఫెన్ వేసుకుంటూ మాత్రం గర్భం రాకూడదు, కీమోలో కూడా. ముట్లు ఆగాయి కదా అని ధీమాగా ఉండకండి, ముట్లు రాకపోయినా గర్భం రావచ్చు, హార్మోన్లు లేని పద్ధతి ఏదైనా వాడాలి.

ఇది ఎలా అడగాలో తెలీదు... మా ఆయనతో మళ్లీ మామూలుగా ఉండగలనా?

ఈ ప్రశ్న ఎప్పుడూ తలుపు దగ్గరే వస్తుంది, వెళ్లిపోతూ. ఉండగలరు. క్యాన్సర్ అంటుకోదు, కలయిక వల్ల తిరగబెట్టదు. పొడిబారడం, నొప్పి, అసలు ఆసక్తే లేకపోవడం చాలా మామూలు, దీనికి మందులున్నాయి. నీటి ఆధారంగా చేసిన జెల్‌తో మొదలుపెట్టొచ్చు. హార్మోన్ క్రీములు మాత్రం రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆంకాలజిస్టుని అడక్కుండా వాడొద్దు.

పొత్తికడుపుకి రేడియేషన్ అయినవాళ్లకి యోని బిగుసుకుని మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది, దానికి డైలేటర్ అని నున్నటి గొట్టం లాంటిది ఇస్తారు, నేర్పించి మరీ ఇస్తారు. పెళ్లి కానివాళ్లకీ, భర్త లేనివాళ్లకీ అది అవసరమే, ముందుముందు డాక్టరు లోపల పరీక్ష చేయగలగాలంటే ఆ దారి తెరుచుకుని ఉండాలి. ఇది చెప్పడానికి సిబ్బందే సిగ్గుపడి దాటేస్తారు ఒక్కోసారి. మీరు అడిగేయండి.

రేడియేషన్ తీసుకుంటూ మనవణ్ణి ఎత్తుకోవచ్చా?

బయటి యంత్రంతో ఇచ్చేదైతే శుభ్రంగా ఎత్తుకోండి, మెషీన్ ఆగాక మీ ఒంట్లో ఏమీ ఉండదు. లోపల పెట్టి ఇచ్చే రకాల్లో కొన్నింటికి జాగ్రత్తలుంటాయి, అవి వాళ్లే చెబుతారు.

మా అమ్మకి వచ్చింది, నాకూ వస్తుందా?

రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది మాత్రమే వంశపారంపర్యం. చిన్న వయసులో వచ్చినా, రెండు రొమ్ములకీ వచ్చినా, ఇంట్లో అండాశయ క్యాన్సర్ ఉన్నా, ఇంట్లో మగవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చినా జన్యు పరీక్ష గురించి అడగాలి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు 1990ల్లో దొరికాయి. వాటిలో తప్పున్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి నూటికి 70 మందికి అటూఇటుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. వీలైతే జబ్బు వచ్చిన మనిషికే ముందు పరీక్ష చేయిస్తారు, ఏ తప్పు వెతకాలో అప్పుడు తెలుస్తుంది. ఆ తప్పు తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. నాన్న వైపు అత్తల సంగతి డాక్టరుకి చెప్పడం అందరూ మర్చిపోతారు.

పాలియేటివ్ కేర్‌కి రాశారు. అంటే ఇక ఏమీ చేయలేమనా?

కాదు. ఆ పేరు వినగానే ఒకావిడ నా ముందే కాగితం చింపేసింది, ఆవిడ తప్పేం లేదు, ఇచ్చినవాళ్లు రెండు ముక్కలు వివరించి ఉండాల్సింది. పాలియేటివ్ అంటే నొప్పి, ఆయాసం, నిద్రలేమి, భయం లాంటివాటిని పట్టించుకునే వైద్యం. కీమోతో పాటే నడుస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవాళ్ల మీద 2010లో వచ్చిన పరిశోధనలో మొదట్నుంచీ ఈ సేవ అందినవాళ్లు హాయిగా ఉన్నారు, పైగా కొంచెం ఎక్కువకాలం బతికారు. మార్ఫిన్ గురించి కూడా భయాలుంటాయి. నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడితే బానిసైపోవడం అరుదు. మలబద్ధకం మాత్రం గ్యారంటీ, దానికి మందు మొదటిరోజు నుంచే అడగండి.

మూలికా మందులు, ఉపవాసాలు, చక్కెర మానేయడం?

చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చావదు, కణాలన్నీ చక్కెర వాడుకుంటాయి. కీమోలో బరువు తగ్గకుండా చూసుకోవడం ముఖ్యం. మూలికలు ఏవి వాడుతున్నా డాక్టరుకి చెప్పండి, తిడతారని దాచకండి, కొన్ని కీమో మందుల్ని పాడుచేస్తాయి, కొన్ని లివర్ని. అసలు చికిత్స మానేసి వీటినే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో చావు ప్రమాదం ఐదు రెట్లకి పైగా ఉందని 2018లో తేలింది.

చికిత్స అయిపోయింది, అందరూ సంతోషంగా ఉన్నారు, నాకు మాత్రం ఏడుపొస్తోంది.

ఎక్కువమందికి అప్పుడే వస్తుంది. ఆసుపత్రికి వెళ్తున్నంతకాలం ఏదో జరుగుతోందన్న ధైర్యం ఉంటుంది, చివరి రేడియేషన్ రోజు బయటికొచ్చాక ఎవరూ లేరనిపిస్తుంది. నేను పార్కింగులో కారులో అరగంట కూర్చున్నాను, ఇంటికి వెళ్తే కేకు కోయిస్తారని తెలిసి. అలసట నెలలు ఉంటుంది, మాటలు మర్చిపోవడం ఉంటుంది, అవి మీ బద్ధకం కాదు. నిద్రపట్టకుండా, దేని మీదా ఆశ లేకుండా రెండు వారాలు దాటితే సైకాలజిస్టుకి చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు ఆగకండి, ఆ పూటే చెప్పండి. డిప్రెషన్ మాత్ర రాస్తే మీరు టామాక్సిఫెన్ వేసుకుంటున్నట్టు గుర్తుచేయండి, పారోక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్ లాంటివి దాని పనికి అడ్డుపడొచ్చు, వేరేవి ఉన్నాయి.

హార్మోన్ మాత్రలు ఐదు నుంచి పదేళ్లు. కీళ్లనొప్పులు, వేడి ఆవిర్లు వస్తే చెప్పకుండా మానేయకండి, మందు మార్చొచ్చు. టామాక్సిఫెన్ మీద ఉండగా అనుకోని రక్తస్రావం కనబడితే వెంటనే చూపించాలి.

నాకు కాదు, మా వదినకి. నేనేం చేయాలి?

'ఏమైనా కావాలంటే చెప్పు' అనకండి. ఆవిడ చెప్పదు. ఎవరూ చెప్పరు. 'మంగళవారం కీమోకి నేను తీసుకెళ్తా, పిల్లల్ని బడి నుంచి నేనే తెస్తా' అనండి. 'నువ్వు ధైర్యంగా ఉండాలి' అనే మాట వీలైనంత తగ్గించండి, అది విన్నాక ఏడవడానికి కూడా పర్మిషన్ లేనట్టుంటుంది. ఎవరికి తగ్గింది, ఎవరు పోయారు అన్న కథలు మోసుకెళ్లకండి. పలకరింపు ఫోన్లన్నీ మీరు తీసుకుని జవాబు చెప్పే డ్యూటీ పెట్టుకుంటే ఆవిడకి సగం అలసట తగ్గుతుంది. నా ఫ్రెండ్ ఒకతి ప్రతి కీమో రోజూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుని తన ఆఫీసు గొడవలు చెప్పేది, క్యాన్సర్ మాటే ఎత్తేది కాదు, సెలైన్ అయిపోవస్తుంటే లేచి నర్సుని పిలిచేది.